మనుమడి జట్టు ఆడిన ఫైనల్స్ అన్నీ నోటుబుక్కులో రాసుకోవడం ఎలా?

మా మనుమడికి తొమ్మిదేళ్లు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. చలికాలంలో మనకు సోమవారం పొద్దున ఏడు గంటలంటే వాళ్లకు ఆదివారం రాత్రి ఏడున్నర. ఆ టైముకు వీడియో కాల్ చేస్తాడు. మొదట్లో "ఏం తిన్నవ్ బిడ్డా? స్కూల్ ఎట్లుంది?" అని రెండు మాటలు అడిగేసరికి మా ముచ్చట అయిపోయేది. వాడి లోకమంతా డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టు హెడ్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం వాళ్ల ఊళ్లోనే ఉన్నాయి. వాడు ఆట గురించి చెప్తుంటే నేను తలూపేవాణ్ని. ముప్పై రెండేళ్లు పీఈటీ సారుగా కబడ్డీ, ఖోఖో నేర్పినవాణ్ని. ఆట గురించి ఇష్టంగా మాట్లాడే పిల్లవాడి ముందు ఊరికే తలూపుతూ కూర్చోవడం నాకు బాధనిపించింది.

అందుకే ఒక వానాకాలమంతా పెట్టి కౌబాయ్స్ ఆడిన ఫైనల్స్ అన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు మా కాల్ నలభై నిమిషాలు నడుస్తుంది. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున నాతో నడిచేవాళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. "సార్, మాకూ చెప్పండి" అన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. మీ పిల్లలు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి జట్టుకు ఇదే పద్ధతి వాడుకోవచ్చు. నాకు తెలిసింది కౌబాయ్స్ కాబట్టి ఉదాహరణలన్నీ వాళ్లవే ఇస్తాను.

ముందు నేలను కొలవండి

రూల్స్ పుస్తకంతో మొదలుపెట్టకండి. నేను అట్లాగే మొదలుపెట్టి వారం రోజులు పోగొట్టుకున్నాను. ఈ ఆటంతా నేల కోసం జరిగే పోరు. ఆ నేలను కొలిచేది కూడా మనం ప్లాట్లు కొనేటప్పుడు కొలిచే గజాల్లోనే. మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల కన్నా కొంచెం ఎక్కువ. గుంటకు 121 చదరపు గజాల లెక్కన చూస్తే సుమారు ఎకరం నాలుగు గుంటలు. రెండు కొసల్లో ఇంకో పదేసి గజాల పట్టీలు ఉంటాయి. ఎదుటివాళ్ల పట్టీలోకి బంతిని తీసుకెళ్లడమే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. ఆ తర్వాత తన్నే కిక్కుకు ఇంకొకటి.

బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు ఇస్తారు. మూడు ప్రయత్నాల్లో పని కాకపోతే నాలుగోసారి ఎక్కువగా బంతిని తన్నేస్తారు. దగ్గర్లో ఉంటే రెండు స్తంభాల మధ్యకు తన్ని 3 పాయింట్లు తీసుకుంటారు, దాన్నే ఫీల్డ్ గోల్ అంటారు. దూరంగా ఉంటే ఎదుటివాళ్లను వీలైనంత వెనక్కు నెట్టడానికి తన్నుతారు. బంతిని విసిరి ఆటను నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను విసిరింది ఎదుటివాడు పట్టుకుంటే ఇంటర్‌సెప్షన్. పట్టుకుని పరుగెత్తేవాడి చేతిలోంచి జారితే ఫంబుల్. చరిత్ర చదవడానికి ఇంత చాలు. టచ్‌డౌన్‌కు 6, ఫీల్డ్ గోల్‌కు 3 అన్న తేడా మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కౌబాయ్స్ చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టే ఫైనల్ ఆ తేడాలోనే ఉంది.

సంవత్సరాల చిక్కు విప్పుకోండి

నేను మొదటిసారి మనుమడికి "మీ జట్టు చివరిసారి గెలిచింది 1995లో కదా" అన్నాను. "కాదు తాతా, 1996" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. పదో తరగతి జూన్‌లో మొదలై పరీక్షలు మార్చిలో వచ్చినట్టు, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్ వినాయక చవితి రోజుల్లో మొదలై ఫైనల్ వచ్చే ఏడాదిలో పడుతుంది. 1995 సీజన్ ఫైనల్ 1996 జనవరిలో జరిగింది. కొన్ని చోట్ల సీజన్ సంవత్సరం వేస్తారు, కొన్ని చోట్ల ఆట జరిగిన సంవత్సరం వేస్తారు. మీ నోటుబుక్కులో రెండూ రాయండి.

ఫైనల్ పేరు సూపర్ బౌల్. ఒక్కోదానికి ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఒక్క 50వ దానికి మాత్రం మామూలు అంకెలు వాడారు, మిగతా వాటికి పాత గోడగడియారం మీద ఉండే రోమన్ అంకెలు. ఇంటూ గుర్తు ఒక్కటి ఉంటే పది, రెండుంటే ఇరవై, మూడుంటే ముప్పై. తలకిందులుగా పెట్టిన గుడిసె కప్పులా ఉండేది ఐదు. సంఖ్య తెలిస్తే సంవత్సరం తెలుసుకోవడం తేలిక. సంఖ్యకు 1966 కలపండి, ఆట జరిగిన ఏడాది వస్తుంది. 5వ సూపర్ బౌల్ 1971లో, 30వది 1996లో. ఈ లెక్క నేను కాగితం మీద కనిపెట్టుకున్న రోజు నిజంగా పండుగలా అనిపించింది.

కౌబాయ్స్ ఎనిమిది సూపర్ బౌల్స్ ఆడి ఐదు గెలిచారు. ఎనిమిది తేదీలు గుర్తుండాలంటే మన క్యాలెండర్‌లో పెట్టుకోండి. మొదటి ఐదు సంక్రాంతి ఫైనల్స్: 1971 జనవరి 17, 1972 జనవరి 16, 1976 జనవరి 18, 1978 జనవరి 15, 1979 జనవరి 21. చివరిదొక్కటే పండుగకు వారం తర్వాత. మిగతా మూడూ రిపబ్లిక్ డే ఫైనల్స్: 1993 జనవరి 31, 1994 జనవరి 30, 1996 జనవరి 28. సంక్రాంతి ఐదింటిలో రెండే గెలిచారు. రిపబ్లిక్ డే మూడింటికి మూడూ గెలిచారు. ఇట్లా పెట్టుకున్నాక ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

ఒక్కో ఫైనల్‌కు ఎదురెదురుగా రెండు పేజీలు

పొడవాటి రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకోండి. కుడివైపు పేజీ పైన సంఖ్య, తేదీ, సీజన్, ఊరు, ఎదుటి జట్టు, స్కోరు రాయండి. దాని కింద ఆ ఆటలో జరిగిన ఒకే ఒక్క సంఘటన నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఒక్కటే. మొత్తం ఆటను ఎక్కించాలని చూస్తే ఏదీ గుర్తుండదు. పేజీ అడుగున పిల్లవాడిని అడగాల్సిన ఒక ప్రశ్న రాసుకోండి. ఎడమవైపు పేజీ ఖాళీగా వదలండి. అది వాడి జవాబు కోసం. నా నోటుబుక్కులో ఇప్పుడు ఎడమ పేజీలే ఎక్కువ నిండి ఉన్నాయి.

గెలుపులతో మొదలుపెట్టకండి. అసలు ఫైనల్‌కు చేరని ఏళ్లతో మొదలుపెట్టండి. కౌబాయ్స్ 1960లో పుట్టిన జట్టు. టామ్ లాండ్రీ అనే కోచ్ మొదటి రోజు నుంచి 29 సీజన్లు నడిపాడు. సూటు, టై, టోపీతో గీత పక్కన కదలకుండా నిలబడేవాడు. 1967 జనవరి 1న డల్లాస్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 34-27తో ఓడి, మొట్టమొదటి సూపర్ బౌల్ అవకాశం పోగొట్టుకున్నారు. అదే ఏడాది చివరి రోజు, డిసెంబర్ 31న, మళ్లీ అదే జట్టుతో గ్రీన్ బేలో ఆట. చలి సున్నాకు పాతిక డిగ్రీలు కింద. గడ్డి కింద వేడి కోసం పెట్టిన తీగలు పనిచేయలేదు. నేల రాయిలా గట్టిపడింది. ఒక రెఫరీ విజిల్ ఊదితే ఆ ఇనుము పెదవికి అతుక్కుపోయింది. ఆ తర్వాత ఆటంతా నోటితో అరుస్తూనే నడిపారు. ముప్పై రెండేళ్లు మెడలో విజిల్ వేసుకున్నవాణ్ని, ఈ సంగతి చదివినప్పుడు నా చేయి పెదవి మీదికి పోయింది. పదహారు సెకన్లు మిగిలి ఉండగా గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ తానే బంతితో గీత దాటాడు. 21-17. ఆ ఆటను ఇప్పటికీ ఐస్ బౌల్ అంటారు. ఈ పేజీ రాయకుండా మిగతావి రాస్తే, 1972 గెలుపుకు ఆ జట్టు ఎందుకంత ఆనందపడిందో పిల్లవాడికి చెప్పలేరు.

5వ సూపర్ బౌల్, మయామి, బాల్టిమోర్ కోల్ట్స్‌తో. రెండు జట్లూ కలిపి పదకొండుసార్లు బంతి పోగొట్టుకున్నాయి. 13-13 దగ్గర ఉండగా జిమ్ ఓబ్రయన్ అనే కోల్ట్స్ కుర్రాడు 32 గజాల ఫీల్డ్ గోల్ తన్నాడు. ఐదు సెకన్లే మిగిలాయి. 16-13. కౌబాయ్స్ వీరుడు బాబ్ లిల్లీ హెల్మెట్ తీసి గాల్లోకి విసిరేశాడు. ఆ రోజు ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం ఓడిన జట్టులోని చక్ హౌలీకి వచ్చింది. సూపర్ బౌల్ చరిత్రలో ఓడిన జట్టు నుంచి ఆ బహుమతి అందుకున్నవాడు ఆయనొక్కడే. నా ప్రశ్న: "జట్టు ఓడిన రోజు నీకు బహుమతి ఇస్తే తీసుకుంటవా?" వాడు చాలాసేపు ఆలోచించి "తీసుకుంట, కానీ ఫోటో దిగను" అన్నాడు.

6వది న్యూ ఆర్లీన్స్‌లో, మయామి డాల్ఫిన్స్ మీద 24-3. తొలి గెలుపు. ఇక్కడ నేను రాసుకున్నది లిల్లీ పరుగు. ఏడాది కింద హెల్మెట్ విసిరిన ఆ మనిషే మయామి క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీని వెనక్కి వెనక్కి తరిమి 29 గజాల నష్టంతో పడగొట్టాడు. కబడ్డీలో రైడర్‌ను మూలకు నెట్టి పట్టినట్టే ఉంటుంది. అదే జట్టులో బాబ్ హేస్ ఉన్నాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ 100 మీటర్ల స్వర్ణ విజేత. అథ్లెటిక్స్ నేర్పినవాళ్లు ఎవరైనా ఈ పేరు చదివితే లేచి కూర్చుంటారు.

10వది మళ్లీ మయామిలో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చేతిలో 21-17తో ఓటమి. ఐస్ బౌల్ స్కోరే మళ్లీ వచ్చింది. స్టీలర్స్ ఆటగాడు లిన్ స్వాన్ నాలుగే క్యాచ్‌లతో 161 గజాలు లాగేశాడు. 12వది న్యూ ఆర్లీన్స్‌లో, డెన్వర్ బ్రాంకోస్ మీద 27-10. పైకప్పు కింద జరిగిన మొదటి సూపర్ బౌల్ అది. డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ క్రెయిగ్ మోర్టన్. 1971 ఫైనల్లో కౌబాయ్స్ తరఫున ఆడినవాడే. పాత జట్టు అతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఉత్తమ ఆటగాడి బహుమతి హార్వీ మార్టిన్, రాండీ వైట్‌లకు కలిపి ఇచ్చారు. ఇద్దరూ అడ్డుకునే వరుసలోనివాళ్లే.

13వ దాని గురించి తర్వాత చెప్తాను. దాన్ని మీరు కూడా చివరికే ఉంచుకోండి.

ఆ తర్వాత పద్నాలుగేళ్ల ఖాళీ. ఈ ఖాళీని ఒక్క పేజీలోనైనా రాయండి. 1989లో జెర్రీ జోన్స్ జట్టును కొని, లాండ్రీని తీసేసి జిమ్మీ జాన్సన్‌ను తెచ్చాడు. ఆ సీజన్‌లో 16 ఆటలు ఆడి ఒక్కటే గెలిచారు. సీజన్ మధ్యలోనే తమ పెద్ద ఆటగాడు హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసి, బదులుగా కొందరు ఆటగాళ్లను, ముందు ముందు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కులను తీసుకున్నారు. అప్పుడు అభిమానులకు ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించగలను. కానీ ఆ హక్కుల ఆసరాతోనే మరుసటి ఏడాది బంతితో పరుగెత్తే గొప్ప ఆటగాడు ఎమిట్ స్మిత్ వచ్చాడు. నేను స్కూలు జట్టును మొత్తం ఎనిమిదో తరగతి పిల్లలతో కట్టిన ఏడాది జోన్ పోటీల్లో మొదటి ఆటకే ఇంటికొచ్చాం. రెండేళ్లకు ఆ పిల్లలే జిల్లా ఫైనల్ ఆడారు. అందుకే ఈ పేజీ నాకు చాలా ఇష్టం.

27వది, 28వది కలిపి చదవండి. రెండిట్లోనూ బఫలో బిల్స్ మీదే గెలుపు. మొదటిది కాలిఫోర్నియాలోని పాసడీనాలో, 52-17. బిల్స్ తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకున్నారు. చివర్లో కౌబాయ్స్ లావుపాటి ఆటగాడు లియోన్ లెట్ చేతికి బంతి చిక్కింది. అడ్డం ఎవరూ లేరు. గీత దగ్గరికి వచ్చి, సంతోషంతో బంతి ఉన్న చేయి పక్కకు చాపి నెమ్మదించాడు. వెనక నుంచి బిల్స్ ఆటగాడు డాన్ బీబీ పరుగెత్తుకొచ్చి ఆ చేతి మీద కొట్టాడు. బంతి ఎగిరిపోయింది. బీబీ జట్టు అప్పటికే 35 పాయింట్లు వెనకబడి ఉంది. అయినా పరుగెత్తాడు. ఏడాది తర్వాత అట్లాంటాలో సగం ఆటకు బిల్స్ 13-6తో ముందున్నారు. మూడో క్వార్టర్ మొదలై నిమిషం కాకముందే ఆ లెట్టే బిల్స్ ఆటగాడు థర్మన్ థామస్ చేతిలో బంతి ఊడగొట్టాడు. జేమ్స్ వాషింగ్టన్ అందుకుని 46 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అక్కడి నుంచి బిల్స్‌కు ఒక్క పాయింటు రాలేదు. 30-13. వాళ్లకది వరసగా నాలుగో ఫైనల్ ఓటమి. పిల్లలకు ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చెప్పండి. మా వాడికి బీబీ అంటే ఎంత గౌరవమో! ఎదుటి జట్టువాడైనా సరే.

30వది అరిజోనాలో, స్టీలర్స్ మీద 27-17. కోచ్ బ్యారీ స్విట్జర్. లారీ బ్రౌన్ రెండు ఇంటర్‌సెప్షన్లు పట్టి ఉత్తమ ఆటగాడయ్యాడు. అప్పటి నుంచి కౌబాయ్స్ మళ్లీ ఫైనల్‌కు రాలేదు. మీ పిల్లవాడు పుట్టాక జట్టు ఫైనల్ ఆడకపోతే, ఈ విషయం మీరు ముందుగా ఎత్తకండి. వాడే చెప్తాడు.

వీడియో రెండుసార్లు చూడండి

ఆ లీగ్ యూట్యూబ్ ఛానెల్లో ఫైనల్స్ ముఖ్య ఘట్టాలు దొరుకుతాయి. మొదటిసారి సౌండ్ ఆపేసి చూడండి. ఇంగ్లిష్ వ్యాఖ్యానం వేగానికి టెన్షన్ పడి ఆటే కనపడదు. బంతి వెంట చూపు పోనివ్వకుండా, గీతకు అటూ ఇటూ వంగి కూర్చున్న లావుపాటివాళ్లను చూడండి. వాళ్లు ఎటు నెడితే ఆట అటు పోతుంది. రెండోసారి సౌండ్ పెట్టి, మీ పేజీలో రాసిన పేర్లు ఎక్కడ వినపడతాయో పట్టుకోండి. పేర్లు పలకడం అట్లాగే వస్తుంది. డెబ్బైల నాటి కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ పేరు నేను వారం రోజులు తప్పు పలికాను. మనుమడు సరిచేశాడు, చెప్పినందుకు వాడి ముఖం వెలిగిపోయింది.

ఇప్పటి ఫైనల్ చూడాలంటే ఫిబ్రవరి రెండో ఆదివారం గడిచిన తెల్లవారుజామున, అంటే సోమవారం ఐదు గంటలకు లేవాలి. మా ఇంటావిడ ఐదింటికే లేచి వాకిలి ఊడుస్తుంది కాబట్టి చాయ్‌కు ఇబ్బంది లేదు. ఆ రోజు స్టేడియం నడక మానుకోండి.

కౌబాయ్స్ ఓడిన రోజు కాల్‌లో స్కోరు గురించి అడగకండి. "ఫర్వాలేదులే" అని కూడా అనకండి. ఆ వారం కోసం ఒక పాత పేజీ సిద్ధంగా ఉంచుకోండి. నేను దాచిపెట్టుకున్నది 13వ దాన్ని.

1979 జనవరి 21, మయామి, మళ్లీ స్టీలర్స్. మూడో క్వార్టర్‌లో కౌబాయ్స్ 21-14తో వెనకబడి ఉన్నారు. మూడో ప్రయత్నం. గీతకు పది గజాల దూరం. కౌబాయ్స్ ఆటగాడు జాకీ స్మిత్ ఆ పట్టీలో ఒంటరిగా నిలబడ్డాడు. అప్పటికి 38 ఏళ్లు. ఆట మానేసినవాడు ఫైనల్ ఆడాలని తిరిగి వచ్చాడు. స్టాబాక్ విసిరాడు. బంతి స్మిత్ దగ్గరికొచ్చి జారిపోయింది. ఏడు రావాల్సిన చోట ఫీల్డ్ గోల్‌తో మూడు వచ్చాయి. చివరికి 35-31. నాలుగు పాయింట్లు. ఎన్నో ఏళ్లు గొప్పగా ఆడి, తర్వాత గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించిన మనిషిని జనం ఆ ఒక్క బంతితోనే గుర్తుపెట్టుకున్నారు. మూడు ఫైనల్ ఓటముల తేడా కలిపితే పదకొండు పాయింట్లే అవుతుంది.

పోయిన చలికాలంలో కౌబాయ్స్ ఓడిన ఒక ఆదివారం మనుమడు కెమెరా ముందుకు రాలేదు. "బాపూ, వాడు మాట్లాడే మూడ్‌లో లేడు" అన్నాడు మా అబ్బాయి. ఫోను వాడి గది తలుపు దగ్గర పెట్టమన్నాను. జాకీ స్మిత్ పేజీ చదివాను. "స్మిత్ బంతి వదిలేశాడు" అని రాసుకున్నదంతా చదివి, అడుగున ఉన్న ప్రశ్న అడిగాను: "నువ్వు ఆ జట్టు కెప్టెన్ అయితే బస్సులో ఆయన పక్కన కూర్చుని ఏం అంటవ్?"

కాసేపటికి తలుపు తెరుచుకుంది. వాడు ట్యాబ్‌లో ఆ వీడియో పెట్టుకుని వచ్చాడు. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ ఆపి నాకు చూపించాడు. "తాతా, మంచిగ చూడు. బంతి కిందికొచ్చింది. ఆయన కాలు కూడా జారింది."

చూశాను. వాడు చెప్పింది నిజమే. నోటుబుక్కులో "వదిలేశాడు" అన్న మాట కొట్టేసి, "అందలేదు" అని రాశాను.